ఉండుమనే కంచె

ఓంకార్ ఒక కన్ను మూసి దూరంగా చూస్తున్నాడంటే అక్కడేదో వంకర ఉన్నట్టే లెక్క. ఒమన్‌లోని సమాయిల్ ఊళ్ళో అబూబకర్ ఖర్జూర తోటలో పనికి కుదిరిన కొత్తలోనే ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది. కాలువ గట్టు కాస్త ఒరిగినా, గోడలో రాయి వరస తప్పినా అతనికి ముందు ఆ కన్ను మూతపడేది. ఆ తర్వాత చేతులు కదిలేవి. సరిచేసేదాకా అన్నం కూడా సరిగా తినేవాడు కాదు.

ఆ చూపు అతనికి రోడ్ల మీద అలవడింది. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి ఒమన్ వచ్చినప్పుడు కంపెనీ అతన్ని కంచె పనిలోనే పెట్టింది. హైవే మీదికి ఒంటెలు రాకుండా రెండు పక్కలా ఇనుప జాలి కట్టే పని అది. రోడ్డు పోయినంత దూరం కంచె పోయేది, కంచె పోయినంత దూరం ఓంకార్ పోయేవాడు. గుంతలు తవ్వే కూలీగా మొదలై, తాడు లాగి వరస చూసే మనిషి అయ్యాడు. కంపెనీ మూతపడ్డాక సైట్లూ క్యాంపు రూములూ చాలనిపించి, ఈ తోటకు వచ్చాడు. కంచె అనేసరికి మాత్రం అతని గొంతు మారేది. నేను పాతిన గుంజ కదలదు అనేవాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పినంత మామూలుగా అనేవాడు కాబట్టి వినేవాళ్ళకు అది గొప్పలు పోయినట్టు ఉండేది కాదు.

అలాంటి ఓంకార్ కట్టిన కంచెలోనే రీమ్ కాలు ఇరుక్కుంది.

రీమ్ అబూబకర్ ఇంటి ఆడగుర్రం. ఒకప్పుడు పండగ రోజుల్లో రెండేసి గుర్రాలు పక్కపక్కన దౌడు తీసే పోటీల్లో దాని పేరు చెప్పుకునేవారు. ఇప్పుడు వయసు పైబడింది. రోజంతా ఇరుకు కొట్టంలో నిలబడి దాని కీళ్ళు బిగుసుకుపోతున్నాయని, ఆరుబయట తిరిగితేనే నడక నిలుస్తుందని పశువుల డాక్టరు చెప్పాడు. బడిపంతులుగా రిటైరైన అబూబకర్ కాపు తగ్గిన ఖర్జూర చెట్లు తీయించి, ఆ మడిలో కాలువ నీళ్ళతో గడ్డి పెంచాడు. పాత ఇనుప గొట్టాలు గుంజలుగా పాతి, ఎవరో స్నేహితుడి దగ్గర మిగిలిన జాలి తెచ్చి, ఓంకార్ ఒక పక్క కంచె బిగించాడు. మిగతా మూడు పక్కలా గుంజలు నిలబెట్టి ఉంచాడు. జాలి వీణ తీగలా బిగిసి ఉంది. అది చూసి అతనికే ముచ్చటేసింది.

శుక్రవారం పొద్దున గుర్రాన్ని తాడు పట్టుకుని గడ్డిలోకి తెచ్చారు. జాలికి అవతల ఏదో పచ్చగా కనబడి రీమ్ ముందు కాలితో తవ్వింది. గిట్ట జాలి కంతలో దిగబడింది. బెదిరి గింజుకుంటూ ఒళ్ళంతా జాలి మీదికే మోపింది. కట్టు తీగలు పటపటా తెగి జాలి గుంజల నుంచి ఊడివచ్చింది. ఓంకార్, అబూబకర్ కూతురు అస్రా కలిసి దాన్ని పట్టి ఆపేసరికి గిట్ట పైన చర్మం చీరుకుపోయి ఉంది. డాక్టరు వచ్చి కుట్లు వేసి, ఇంకో రెండు గుంజుళ్ళు గుంజి ఉంటే ఎముక విరిగేదన్నాడు.

మస్కట్‌లో ఉద్యోగం చేసుకుంటూ వారం చివర ఇంటికి వచ్చే అస్రా ఆ రోజు కొట్టం వదిలి రాలేదు. సాయంత్రం అబూబకర్ ఓంకార్‌ను పిలిచి కూర్చోబెట్టి, ఖహ్వా కాఫీ పోసి ఇచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య నడిచేది సగం అరబ్బీ, సగం హిందీ కలిసిన మాట. యజమానిని ఓంకార్ అర్బాబ్ అనే పిలిచేవాడు.

"నీ మీద నాకు కోపం లేదు ఓంకార్. కానీ కంచె లేకుండా దీన్ని బయట వదల్లేను, కొట్టంలో పెట్టి కుంటిదాన్ని చేయలేను. బర్కాలో మా చిన్నాన్న కొడుక్కి పెద్ద లాయం ఉంది. వచ్చే శుక్రవారం కాక పై శుక్రవారం బండి తెస్తాడు. పంపించేస్తాను."

ఓంకార్ చిన్న కప్పును కింద పెట్టాడు. తప్పు తనది. ఆ మాట అతను దాచుకోలేదు, దాని కింద కుంగిపోనూ లేదు.

"బండి రానీయండి అర్బాబ్. అది వచ్చేనాటికి కంచె ఉంటుంది. ఆయన ముందే గుర్రాన్ని వదులుదాం. చూసినాక మీ ఇష్టం."

ఆ మర్నాడే అబూబకర్ అతన్ని కారెక్కించుకుని అల్ మవాలేలో ఒక షాపుకు తీసుకుపోయాడు. అక్కడ తెల్లని ప్లాస్టిక్ పట్టీల కంచె నమూనా ఉంది. నున్నగా, అంచులు లేకుండా, గుర్రం గుద్దుకున్నా వంగేలా ఉంది. ఓంకార్ దాన్ని అరచేత్తో నిమిరి, ఇది మంచి వస్తువని నిజాయితీగా చెప్పాడు. షాపతను ధర చెప్పాడు. అబూబకర్ రంగుల పుస్తకాన్ని మర్యాదగా మూసి తిరిగిచ్చి, ఇంత పెట్టి కంచె కడితే లోపల మేయడానికి గుర్రాన్ని అమ్ముకోవాలని నవ్వాడు. చెక్క సంగతి కూడా అడిగారు. అదీ బయటి దేశాల నుంచి రావలసిందే. పైగా ఇక్కడి ఎండకు పగుళ్ళిస్తుంది, చెదలకు దొరికితే అంతే. తోటలోనే ఊరికే దొరికే ఖర్జూర మట్టలతో దడి కట్టి చూశారు. రీమ్ దాన్ని సాయంత్రం ఫలహారంలా నమిలేసింది.

ఇక మిగిలింది నున్నటి తీగ. చవక, ముళ్ళు లేవు, కంతలు లేవు. ఓంకార్ మూడు వరసలు లాగి చూసుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. మధ్యాహ్నపు వెలుగులో ఆ తీగ పదడుగుల దూరం నుంచి మనిషికే కనబడటం లేదు. దౌడు తీసే గుర్రానికి ఏం కనబడుతుంది? కనబడని తీగ కత్తితో సమానమని అస్రా ఫోన్‌లో తండ్రితో అన్నదట. ఆ మాట నిజమేనని ఓంకార్ ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను భార్య వాణికి ఫోన్ చేశాడు. ఊళ్ళో మక్కచేనుకు అడవిపందుల బెడద ఎక్కువగా ఉంది. ఈసారి పాత చీరలన్నీ తీసి చేను చుట్టూ కట్టానని, పందులు అటు తిరిగి చూడటం లేదని ఆమె చెప్పింది. ఓంకార్ గట్టిగా నవ్వాడు. కంచెకు చీర కడితే గుర్రానికి కనబడకేం చేస్తుంది?

"నాకు కట్టుకునేతందుకు ఒక్క చీర పంపింది లేదు గని, గుర్రానికి కంచెంత చీరలు గడ్తవా?" అంది వాణి.

"వచ్చేటప్పుడు నీకు తెస్త తీ. ఇది అక్కెరకొచ్చే ముచ్చట చెప్పినవు."

చీరలకు స్నేహితుడు ముర్తుజా ఉన్నాడు. కడప మనిషి. చాలా ఏళ్ళు ట్రైలర్ నడిపి, ఇప్పుడు మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. గుంజలు పాతినప్పుడు వాటి నోళ్ళకు మూతలు అతికింది అతనే. ఆ జాలిని చూసి, దీనికి జాలీ అని పేరు పెట్నోడెవడోగానీ దీనికి జాలనేది ల్యా అన్నదీ అతనే. ఓంకార్ ఫోన్ చేయగానే అతని భార్య నఫీసా తమ బిల్డింగులోని ఫ్లాట్లన్నీ తిరిగి పాత చీరలు పోగుచేసింది. గుర్రానికి పెళ్ళా అని అందరూ అడిగారట. గురువారానికి చీరల మూట సమాయిల్ చేరింది. ఓంకార్ వాటిని తీగల మీద పరిచి అంచులు ముడేశాడు. ఆకుపచ్చ, గులాబి, పసుపు, మధ్యమధ్య జరీ. పక్క తోటవాళ్ళు గోడ మీదుగా చూసి, ఎవరింటికి చుట్టాలొస్తున్నారని అడిగారు.

శుక్రవారం అస్రా రీమ్‌ను తెచ్చింది. కాలి గాయం మానుతూ ఉంది. దాన్ని గడ్డిలో నిలబెట్టి ఆమె తాడు వదలకుండా పట్టుకుంది. కొండల మీదినుంచి గాలి దిగింది. చీరలన్నీ ఒక్కసారి లేచాయి.

రీమ్ ముక్కు పుటాలు విప్పి, చెవులు వెనక్కి పెట్టి, అస్రాను లాక్కుంటూ మడి మధ్యకు పరుగెత్తింది. అక్కడ వణుకుతూ నిలబడింది. ఏ వైపు తిరిగినా చీరలే. కాళ్ళ కింద మంచి గడ్డి ఉన్నా తల వంచలేదు. ఎంతసేపు బుజ్జగించినా అంతే. చివరకు చీరలు రెండు విప్పి దారి చేస్తే తప్ప కొట్టానికి రాలేదు.

అస్రా కోప్పడలేదు. "రంగుకు భయపడలేదు ఓంకార్. కదిలేదానికి భయపడింది. ఇది పోటీల్లో కూడా జెండా ఎగిరితే ఆగిపోయేది, నేను ముందే చెప్పాల్సింది," అంది. వెళ్ళేముందు గుర్రం మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. బండి రావడానికి ఇంకో వారమే ఉంది.

వాణికి జరిగింది చెప్పినప్పుడు ఆమె నవ్వు ఆపుకోవడానికి కాస్త కష్టపడింది.

"పందులు పారిపోవాల్నని కట్టేదయ్యా అది. నీ గుర్రం గూడ పారిపోయిందంటే చీర మంచిగనే పనిజేసినట్టు."

ఆటపట్టించడానికే అంది. ఓంకార్‌కు మాత్రం ఆ మాట పొద్దంతా చెవిలో తిరిగింది. సాయంత్రం ఎండ చల్లబడ్డాక చీరలు ఒక్కొక్కటే విప్పుతూ, జాలి ఊడిన పక్కకు వచ్చాడు. తెగిన కట్టు తీగలు ఇంకా గుంజలకు వేలాడుతున్నాయి. అన్నీ బయటివైపే. వాటిని చూస్తూ ఆగిపోయాడు.

రోడ్డు కంచెకు జాలిని బయటివైపే కడతారు. ఒంటె ఎడారి వైపు నుంచి వచ్చి మోపితే, జాలి గుంజకు ఆని గట్టిగా నిలుస్తుంది. అన్నేళ్ళ అలవాటు మీద ఇక్కడా అతను ఆలోచించకుండా బయటివైపే కట్టాడు. కానీ ఇక్కడ మోపేది లోపలున్న గుర్రం. లోపలి నుంచి నెడితే గుంజ సాయం ఉండదు, బరువంతా కట్టు తీగల మీద పడుతుంది. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా కంచెను లోపలి నుంచి చూడలేదు. వాణి చీరలూ అంతే. అవీ బయటినుంచి వచ్చేవాటి కోసమే.

అతను చీరను భుజాన వేసుకుని మడిలోపలికి నడిచాడు. రీమ్ నిలబడ్డ చోట నిలబడి, దాని తల ఎత్తుకు తన తల ఉండేలా మెడ సాచాడు. ఒక కన్ను మూయలేదు. రెండు కళ్ళతోనూ చూశాడు. మూలలు చూశాడు. బెదిరిన గుర్రం ఆ మూలలోకి పోతే తిరగడానికి చోటు లేదు. గుంజల మధ్య ఖాళీ చూశాడు. ఏదో ఒకటి వెడల్పుగా, గట్టిగా, కదలకుండా అక్కడ ఉండాలి. ఏమిటది?

మర్నాడు మూతలు ఊడిన గుంజలు రెండు అతకడానికి ముర్తుజా వచ్చాడు. పికప్ వెనక వెల్డింగ్ మిషన్ మీదుగా ఒక పసుపు బెల్టు బిగించి ఉంది. ట్రైలర్ల మీద సరుకు కదలకుండా కట్టే బెల్టు, అరచెయ్యంత వెడల్పు. ముర్తుజా దాన్ని విప్పబోతుంటే ఓంకార్ చెయ్యి పట్టి ఆపాడు. బెల్టు మీద చెయ్యి వేసి నొక్కాడు. కొంచెం వంగి మళ్ళీ లేచింది. అంచున బొటనవేలు రాశాడు. కోసుకోలేదు.

"ఇసొంటియి పాతయి దొరుకుతయా భాయ్?"

"పాతవా? యార్డుల్లో గుట్టలు గుట్టలు పడుంటాయి న్నా. రెండేండ్లయితే సరుకుకు పనికిరావని పారేస్తారు. తీసుకపోతే సంతోషిస్తారు. యాలా?"

"గుర్రానికి."

ముర్తుజా బెల్టునూ, గుంజలనూ, ఓంకార్ ముఖాన్నీ వరసగా చూశాడు. "చీరలయిపొయినాయి, ఇంగ నడుంకు బెల్టు పెడతాండావా?"

"నేను ఇన్నొద్దులు కట్టినయన్ని రావద్దనే కంచెలు భాయ్," అన్నాడు ఓంకార్. "బెదిరిస్తె పనయ్యేది. ఇది ఉండుమనే కంచె. బెదిరియ్యద్దు, గుచ్చద్దు, కనబడాలె, అంతే."

ముర్తుజా మిషన్ దింపాడు.

ఆ వారం ఇద్దరూ డ్యూటీ ముగించుకుని ఈ పనికే దిగారు. ముర్తుజా మోసుకొచ్చిన బెల్టులు పసుపు, నారింజ, వెలిసిన నీలం. చిరిగిన ముక్కలను టార్పాలిన్లు కుట్టే దుకాణంలో అతుకులేయించారు. కోసిన కొసల నుంచి దారాలు ఊడితే గుర్రం తింటుందని ఓంకార్ ప్రతి కొసనూ లైటరుతో కాల్చి నున్నగా నొక్కాడు. ముర్తుజా గుంజలకు లోపలివైపు ఇనుప కొక్కేలు అతికి, వాటి అంచులు వేలికి తగలనంతగా అరగదీశాడు. బెల్టు బిగించే ఇనుప బకిల్స్‌ను మాత్రం బయటికి పెట్టారు, గుర్రానికి అందకుండా. తీగలు తీసేశారు. ఓంకార్ మూల గుంజలు పెరికి, వంపుగా వెనక్కి జరిపి మళ్ళీ పాతాడు. జీవితమంతా తిన్నని వరస కోసం పాకులాడిన మనిషి చేతులారా వంకర కట్టడం చూసి అబూబకర్ గోడ మీద కూర్చుని నవ్వుకున్నాడు. మూడు వరసలు పడ్డాయి. పై వరస రీమ్ ఛాతీకి కాస్త పైన, కింది వరస అది కాలు వేసి దాటలేనంత పైన.

గురువారం పొద్దున గాలి లేచింది. కంచె చప్పుడు చేయడం మొదలుపెట్టింది. బిగిసిన బెల్టులు గాలికి తేనెటీగల్లా బుర్రుమంటున్నాయి. కొట్టంలో ఉన్న రీమ్ చెవులు అటే తిప్పి, మేత ఆపి నిలబడింది. ఓంకార్ పరుగున వెళ్ళి బెల్టు మీద చెయ్యి వేసి చూశాడు. బెల్టును వదులు చేస్తే చీరల్లా ఊగుతుంది. బిగిస్తే ఇలా పాడుతుంది. మధ్యాహ్నం ముర్తుజా వచ్చి విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఇంతేనా? ట్రైలర్ మీద కట్టేటప్పుడు ఒక మెలిక తిప్పి కడతాము న్నా. లేకపోతే దారి పొడుగునా ఇదే మోత, నిద్ర రాదు. నేనే మర్సిపొయినా."

గుంజకూ గుంజకూ మధ్య బెల్టును ఒక్క మెలిక తిప్పి మళ్ళీ బిగించారు. మెలిక పడిన వరసల్లా మోత ఆపుతూ వచ్చింది. పొద్దు వాలేసరికి మడి చుట్టూ గాలి ఉంది గాని చప్పుడు లేదు. రీమ్ తల దించి మేత అందుకుంది.

శుక్రవారం నమాజు అయ్యాక బర్కా చుట్టం బండి వచ్చింది. పెద్ద బండి, వెనక గుర్రం నిలబడే పెట్టె. ఆయన దిగి రంగురంగుల బెల్టులు చూసి, ఇదేం కంచె, ట్రక్కులు పార్కు చేస్తున్నారా అని అబూబకర్‌ను అడిగాడు. అబూబకర్ కూతురి వైపు చూశాడు. అస్రా రీమ్‌ను లోపలికి నడిపించి, ఒక్కసారి చుట్టూ కంచె వెంబడి తిప్పింది. ప్రతి వరసనూ ముక్కుతో వాసన చూడనిచ్చింది. తర్వాత తాడు విప్పి పక్కకు తప్పుకుంది.

గుర్రం కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత నడిచింది. నడక మెల్లగా పరుగైంది. చాలా రోజులు కొట్టంలో ఉన్న ఒళ్ళు ఒక్కసారి విప్పుకున్నట్టు దౌడు అందుకుని తిన్నగా అవతలి పక్క కంచె మీదికే పోయింది. కంచె గేటు దగ్గర నిలబడ్డ ఓంకార్ కదలలేదు. పక్కన ముర్తుజా మాత్రం పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. బెల్టులకు నాలుగు బారల దూరంలో రీమ్ తల ఎత్తి వాటిని చూసింది. చూసినట్టు అందరికీ తెలిసింది. వేగం తగ్గించి, వంపు తిరిగిన మూల వెంట ఆగకుండా చుట్టి వచ్చేసింది. రెండో చుట్టులో ఇంకా దగ్గరగా పోయింది. మూడో చుట్టు వేయలేదు. మధ్యలో ఆగి, ఒళ్ళు దులుపుకుని, తల వంచి గడ్డి కొరికింది. కాసేపయ్యాక కంచె దగ్గరికి వచ్చి పై బెల్టు మీద ఛాతీ మోపి అవతలి ఖర్జూర చెట్ల కేసి చూస్తూ నిలబడింది. బెల్టు కొంచెం వంగింది. గుంజ కదలలేదు.

అస్రా తండ్రి భుజం మీద తల పెట్టింది. అబూబకర్ చాలాసేపు గుర్రాన్నే చూసి, చివరకు చుట్టం వైపు తిరిగి, పాపం ఇంత దూరం వచ్చావు, బండి ఖాళీగా పంపడం మర్యాద కాదు, గడ్డి మోపులు వేసుకుపో అన్నాడు.

మోపులు ఎక్కించింది ఓంకార్, ముర్తుజాలే. ఆ పెట్టెలోకి గుర్రానికి బదులు పచ్చగడ్డి ఎక్కుతుంటే ముర్తుజా ప్రతి మోపుకూ ఒక సలాం పెట్టాడు. నఫీసాకు ఫోన్ చేసి, గుర్రం పెళ్ళి తప్పిపోయింది, పుట్టింట్లోనే ఉండిపోయింది, ఆ చీరలు ఎవరివి వాళ్ళకిచ్చెయ్ అని కూడా చెప్పాడు.

చుట్టం ఈలోపు కంచె పొడవునా నడిచాడు. బెల్టును లాగాడు, నొక్కాడు, కాల్చిన కొసలు తడిమాడు, మెలికలు ఎందుకని అడిగి ముర్తుజాతో చెప్పించుకున్నాడు. బండి ఎక్కేముందు ఓంకార్‌ను పిలిచాడు. తన లాయంలో కంచె ఎప్పటినుంచో సగం పాడైపోయి ఉందని, బర్కా వచ్చి ఒకసారి స్థలం చూసి ఏం కావాలో చెప్పమని అడిగాడు.

ఓంకార్ అలవాటుగా ఒక కన్ను మూయబోయి ఆగాడు.

"స్థలం తర్వాత చూద్దాం సాబ్," అన్నాడు. "ముందు మీ గుర్రాలను చూపించండి."